ఐదో నంబరు కోమల

పోయిన నెల మా మనవరాలు నన్ను పాండిచ్చేరి బీచ్ రోడ్డు దగ్గర ఒక హాలుకు తీసుకుపోయింది. ఇండోనేషియా నుంచి ఎవరో వచ్చారని, వాళ్ళ ఊరి వాయిద్యాలు చూపిస్తారని, టికెట్టు లేదని చెప్పింది. టికెట్టు లేదన్న మాటకే నేను చీర మార్చుకున్నాను, ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు. తలుపు దగ్గర ఒక అమ్మాయి నవ్వుతూ లోపలికి వచ్చేవాళ్ళందరి చేతుల్లో తలా ఒక వెదురు వాయిద్యం పెడుతోంది. చిన్న వెదురు చట్రం, అందులో వేలాడే రెండు వెదురు గొట్టాలు, కింద అంటించిన ఒక అంకె. ఊపితే గలగలమని ఒకే ఒక్క స్వరం పలుకుతుంది, అంతకుమించి ఏమీ రాదు. పాట కావాలంటే పక్కవాళ్ళు కావాలి. "దీని పేరు అంక్లుంగ్ అవ్వా" అని మనవరాలు వివరించబోయింది. "తెలుసులే" అన్నాను. ఎట్లా తెలుసని అడిగింది. నేను కింద అంకె చూసుకున్నాను. నా చేతికి వచ్చింది ఐదు.

వేదిక మీద ఉన్నాయన ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క చేతి గుర్తు చూపించాడు. పిడికిలి బిగిస్తే ఒకటి. చూపుడువేలు పైకెత్తితే ఏడు. అరచెయ్యి తనవైపు తిప్పి గుండెకు అడ్డంగా పెట్టుకుంటే ఐదు. ఆ చెయ్యి గుండె దగ్గరికి వచ్చినప్పుడల్లా మా వరుస వరుసంతా ఊపింది, హాలు ఘల్లుమంది. నేను మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. మనవరాలు రెండుసార్లు మోచేత్తో పొడిచి వదిలేసింది. ముసలిదానికి అర్థం కాలేదనుకుని ఉంటుంది. అర్థం కాకపోవడం కాదు. ఆ ఐదు నాది కాదు. ఒకప్పుడు దాన్ని నేను ఒక పిల్ల చేతిలోంచి లాగేసుకున్నాను.

అప్పుడు మేము మిల్లు వెనక వీధిలో పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాయన మిల్లులో పని. సైరను కూస్తే మా అవ్వ బియ్యం కడిగేది, రెండోసారి కూస్తే గంజి వార్చేది. గడియారమని ఒకటి ఇంట్లో ఉన్నా దాన్ని ఆమె ఎన్నడూ నమ్మలేదు. మా పక్క వాటాలో గోవిందు మామ, ఆయన భార్య నెనెంగమ్మ అద్దెకుండేవాళ్ళు. గోవిందు మామ ఓడలో వంటవాడు. జావా దీవిలో ఏ రేవులోనో దిగి, బాండుంగ్ అనే ఊరి పిల్లను పెళ్ళిచేసుకుని తెచ్చాడు. ఆమె పేరు నెనెంగ్. మా వీధి దానికి ఒక అమ్మను తగిలించి తమదాన్ని చేసుకుంది. సైగాన్ నుంచి వచ్చిన కోడళ్ళను చూసిన పాండిచ్చేరికి జావా కోడలు పెద్ద వింత కాదు కానీ, మా అవ్వకు మాత్రం వింతే. ఉడికించిన కూరముక్కల మీద వేరుశనగ పప్పు నూరి పోసుకుని తినడం చూసి, "పచ్చడిని కూరలో పోస్తుందో, కూరను పచ్చడిలో ముంచుతుందో ఆ దేవుడికే తెలియాల" అనేది. అని ఊరుకునేది కాదు, ఒక గిన్నెడు తెప్పించుకుని తినేది కూడా.

నెనెంగమ్మ మా పొయ్యి మీద వెదురు వేలాడదీసిన రోజు మాత్రం అవ్వ నిజంగానే అలిగింది. మా వంటింట్లో సవుకు కట్టెల పొయ్యి. పొగ ఎగబాకి దూలాన్ని నల్లగా నిగనిగలాడించేది. ఆ దూలానికి ఆమె సన్నటి వెదురు ముక్కలను కట్టలు కట్టి వేలాడదీసింది.

"ఏందమ్మే ఇది? నా నెత్తిమీద ఎదురు కట్టినావు. పాడె కడతాండావా?" అంది అవ్వ.

"పొగ కావాల అవ్వా. పొగ తాగితే పురుగు తినదు. ఎండితే పాడతాది" అంది నెనెంగమ్మ. ఆమె తెలుగులో గౌరవాలు, మర్యాదలు ఉండేవి కావు. మొగుడి దగ్గర ఎట్లా నేర్చుకుందో అట్లాగే అందరితో మాట్లాడేది. ఆ వెదురు అక్కడ ఏడాది దాకా వేలాడింది. పోపు ఘాటు, ఎండుచేప వాసన, సవుకు పొగ అన్నీ పీల్చుకుంది. ఏడాది చివర్లో అవ్వే గరిటెతో ఒక్కొక్క ముక్కను తట్టి చూసి, "ఇది ఇంకా పచ్చిగానే ఉండాది, గొంతు రాలే" అని తీర్పు చెప్పేది.

ఎండిన వెదురును నెనెంగమ్మ వాకిట్లో కూర్చుని కోసేది. నోటితో ఊదే చిన్న హార్మోనికా పక్కన పెట్టుకుని, దాని స్వరం విని, కత్తితో వెదురు అంచు కాస్త చెక్కి, తట్టి, మళ్ళీ చెక్కేది. మా బళ్ళో చేతిపనుల టీచరు కాన్పుకు పోయినప్పుడు ఆ పీరియడుకు ఈమెను పెట్టుకున్నారు. మాకు కుట్లూ అల్లికలూ నేర్పమంటే ఈమె అంక్లుంగ్ నేర్పింది. వాళ్ళ ఊళ్ళో బడి అంటే నల్లబల్ల ఎట్లా ఉంటుందో ఇవి కూడా అట్లాగే ఉంటాయట. "పాట రానోళ్ళకు ఇదే మంచిది. ఒకరికి ఒకటే. ఎవురూ పెద్ద కాదు, ఎవురూ చిన్న కాదు" అనేది. నాకు ఆ రెండో మాట ఎన్నడూ రుచించలేదు.

కోమల నా పక్కన కూర్చునే పిల్ల. కిరుమాంబాక్కం నుంచి వచ్చి మా వీధిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. చిన్నప్పుడు అమ్మవారు పోసి చెవులు పోయాయి. ఉరుములాంటిది వినబడేదేమో గానీ మాట వినబడేది కాదు. బళ్ళో చెబితే చేర్చుకోరని మేనత్త ఆ మాట దాచి, పరాకు పిల్ల అని చెప్పి చేర్చింది. కోమల నోళ్ళు చూసి మాటలు పట్టుకునేది. తెలుగు నోరైనా, అరవ నోరైనా ఒకటే. టీచరు నల్లబల్లవైపు తిరిగి మాట్లాడితే మాత్రం ఆమెకు పాఠం ఆగిపోయినట్టే. అప్పుడు నేను నా పుస్తకం ఇటు జరిపి ఎక్కడున్నామో వేలు పెట్టి చూపించేదాన్ని. వీధిలో ఈ సంగతి మేనత్త తరవాత నాకే తెలుసు. ఒకరి గుట్టు దాచడం ఎంత గొప్పగా ఉంటుందో పన్నెండేళ్ళ పిల్లను అడగాలి. ఆ గొప్ప నాకు తలకెక్కింది, ఇప్పుడు చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ, ఆమె నా వల్లే బళ్ళో ఉందనుకునేదాన్ని.

నెనెంగమ్మ రెండో రోజే కనిపెట్టేసింది. అంక్లుంగ్ వాయించడానికి చెవులు అక్కర్లేదు. చెయ్యి గుర్తు చూడాలి, ఊపాలి. కోమలకు చూడడం మాలో అందరికన్నా బాగా వచ్చు. మేమంతా కిటికీలోంచి ఐసు బండిని చూసే సమయంలో ఆమె కళ్ళు నెనెంగమ్మ చేతిని విడిచేవి కావు. ఊపినప్పుడు వెదురు అరచేతిలో అదిరేది ఆమెకు తెలిసేది. అట్లా అదిరిన మొదటిరోజు ఆమె మొహం నేను చూశాను. మా ఇంటికి వచ్చాక నెనెంగమ్మ నన్ను వంటింటి మెట్టు మీద కూర్చోబెట్టి, "నీకు తెలుసు. నాకు తెలుసు. ఇంక ఎవురికీ వద్దు. సరియా?" అంది. నేను తల ఊపాను.

అంకెలు పంచిన రోజున కోమలకు ఐదు ఇచ్చింది. ఆమె నేర్పిన పాట వాళ్ళ ఊరి పిల్లలు ఆడుకుంటూ పాడేదట. అందులో అడుగుకొక ఐదు వస్తుంది. నాకు ఏడు ఇచ్చింది. పాట మొత్తం మీద రెండుసార్లు వస్తుంది. మిగతా సేపంతా నేను కొంగలా నిలబడి ఉండాలి. ఇంటికి పోయి అవ్వ దగ్గర ఏడ్చాను. "చెవులు లేనిదానికి అన్ని ఐదులు ఎందుకు?" అన్నాను. అవ్వ చేటలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండానే, "కందకు లేని దురద కత్తిపీటకేందే" అంది. నాకు నిజంగానే దురదే. రాత్రింబగళ్ళు ఉండేది.

బడి వార్షికోత్సవానికి వారం ముందు పెద్ద టీచరమ్మ మా సాధన చూడడానికి వచ్చింది. ఆవిడ లోపలికి వస్తే ఈగ కూడా వాలకూడదు. అందరం లేచి బిర్రుగా నిలబడ్డాం. నెనెంగమ్మ వాళ్ళ ఊరి అలవాటు ప్రకారం తల వంచి, కుడి అరచెయ్యి గుండెకు ఆనించింది. పెద్దవాళ్ళు ఎదురైతే వాళ్ళు అట్లాగే చేస్తారు. ఆ నిశ్శబ్దంలో కోమల ఐదు ఊపింది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్ద టీచరమ్మ మొహం ఎర్రబడింది. "ఎవరది?" అంది. నెనెంగమ్మ కంగారుపడి, తప్పు తనదే, క్షమించమని చెప్పబోయి మళ్ళీ తల వంచి చెయ్యి గుండెమీద పెట్టుకుంది. కోమల మళ్ళీ ఊపింది, ఈసారి ఇంకా బాగా ఊపింది, ఎందుకంటే మొదటిసారి ఎవరూ మెచ్చుకోలేదు. గది గదంతా పగలబడి నవ్వింది. పెద్ద టీచరమ్మ బెత్తం అందుకుంది. కోమలకు ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. ఆమె నెనెంగమ్మ మొహం వైపే చూస్తోంది. నేను ఆమె వెనక వరుసలో ఉన్నాను. వెనక నుంచి, వినయంగా, స్పష్టంగా, "టీచర్, ఆమెకు చెవులు వినపడవు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు అడిగాను, నాకు నేనే మంచి మంచి జవాబులు చెప్పుకున్నాను. బెత్తం దెబ్బలు తప్పించడానికి అన్నానని చాలాకాలం నమ్మాను. అబద్ధం. దెబ్బలు తప్పిపోతాయని నాకు ఆ మాట అన్నాక తోచింది. అనేటప్పుడు నా కళ్ళు ఉన్నది ఆమె చేతిలోని ఐదు మీద. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను అన్నది నిజం. అందుకే నన్ను ఎవరూ తిట్టలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేదాన్ని, నాలుగు తగిలేవి, కాస్త తేలికపడేదాన్ని.

నెనెంగమ్మ చాలాసేపు మాట్లాడింది. అరవం, తెలుగు, వాళ్ళ భాష కలిపి చేతులు తిప్పుతూ బతిమాలింది. వాయించడానికి చెవులు వద్దని, కావాలంటే పరీక్ష చేసి చూడమని. పెద్ద టీచరమ్మ వినలేదు. చెవిటి పిల్లకు సంగీతమేమిటని, బళ్ళో చేర్చడమే మోసమని, ముందుకు వచ్చి కోమల చేతిలోంచి వాయిద్యం లాక్కుంది. తిరిగి చూస్తే పనిలేకుండా ఉన్న చేతులు నావే, ఏడుకు ఏం పని గనుక. ఐదు నాకు ఇచ్చింది. సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు కోమల నా భుజం పట్టుకుని, "ఎవురు చెప్పినారు?" అని అడిగింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మొహం కనపడకపోతే ఆమెకు జవాబు అందదని నాకంటే బాగా ఎవరికి తెలుసు. రెండు రోజులకు వాళ్ళ నాయన వచ్చి ట్రంకుపెట్టెతో సహా పిల్లను తీసుకుపోయాడు. మళ్ళీ ఆమె ఏ బడికీ పోలేదు.

వార్షికోత్సవంలో నేను ఐదు వాయించాను. తప్పు పోలేదు. నాకు స్టీలు గ్లాసు బహుమతి ఇచ్చారు. అవ్వ దాన్ని వాడకంలో పెట్టేసింది, రోజూ అందులోనే నాకు కాఫీ. నెనెంగమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం మెట్టు మీద నా పక్కన కూర్చుని తన కుడిచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "ఇదే చేసింది" అంది. "నాది తప్పు. నేను ఐదుకు వేరే గుర్తు పెట్టాల్సింది." ఆ తరవాత ఆమె ఎవరు ఎదురైనా మనలాగే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టడం నేర్చుకుంది. గుండె మీద చెయ్యి పెట్టుకోవడం నేను మళ్ళీ చూడలేదు. రెండుసార్లు ఒక గుడ్డ సంచిలో ఏదో పెట్టుకుని కిరుమాంబాక్కం వైపు పోయే కడలూరు రోడ్డు బస్సెక్కింది. రెండుసార్లూ సంచి అట్లాగే తిరిగి వచ్చింది. ఎక్కడికని అవ్వ అడిగితే "ఊరికే" అంది. నేను అడగలేదు. సంచిలోంచి వెదురు చట్రం కొన కనిపిస్తూనే ఉంది, నాకు అడగవలసిన అవసరం లేదు.

ఆ పైన నేను చదువుకుని, ప్రభుత్వ ఉద్యోగం సంపాదించి, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషిని పెళ్ళి చేసుకుని, ఆయన దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ రాసేవాళ్ళు లేరు. గోవిందు మామ పోయాక నెనెంగమ్మ మార్కెట్టు వెనక ఒక గదికి మారింది. పండక్కి పోదాం, ఆదివారం పోదాం అనుకుంటూనే ఉన్నాను. ఆమె నన్ను ఏమీ అనదు, అదే నాకు భయం. ఆమె పోయిందని ఒక పొద్దున కబురు వచ్చింది. ఆఫీసులో లీవు ఇవ్వలేదని ఇంట్లో చెప్పాను. నేను అడగనేలేదు. ఇవాళ మా నటేశన్ నగర్ ఇంట్లో గ్యాసు పొయ్యి, తెల్లటి గోడలు, ఎక్కడా మసి లేదు. మనవరాలి బళ్ళో చెవులు వినపడని పిల్లలిద్దరు అందరితోపాటు చదువుతున్నారట, వాళ్ళకోసం టీచరమ్మ బల్లవైపు తిరిగి మాట్లాడదట. ఆ మాట మనవరాలు మామూలుగా, అన్నం కలుపుకుంటూ చెప్పింది.

హాలు నుంచి వచ్చాక ఈ కథంతా కాగితం మీద పెడదామనుకున్నాను. సగం రాశాక సిగ్గేసింది. కోమలకు తెలుగు చదవడం రాదు. ఆమెకు చేరని అక్షరాల్లో ఒప్పుకోవడం వెనక వరుసలోంచి మాట్లాడడం లాంటిదే. ఆమె మేనత్త కొడుకును అడిగితే బాహూరులో కూతురి దగ్గర ఉంటోందని చెప్పాడు. మర్నాడే బస్సెక్కాను.

కోమల వాకిట్లో చేట పట్టుకుని మినుములు చెరుగుతోంది. కూతురు చెవి మిషను కొనిచ్చిందట, గోల భరించలేక పెట్టెలో పెట్టేసిందట. నన్ను ఒక నిమిషం చూసి, "ఏడో నంబరు" అని వీధంతా వినబడేలా నవ్వింది. కాసేపు పిల్లలు, మోకాళ్ళు, చెరువులో నీళ్ళ సంగతి అయ్యాయి. తరవాత ఆమే అంది, "నాకు ఆ జావా ఆయమ్మ మీద కోపం ఇంకా పోలే."

"ఎందుకు?" అన్నాను.

"ఏందట్టా అడుగుతావు? నువ్వు ఆడనే ఉండావు గదా. నాకు చెవుల్లేవని చెప్పేసింది. నేను చూస్తానే ఉండాను, ఆయమ్మ నోరు ఆడతానే ఉండాది, ఏ భాషో నాకు పట్టుబడలే, పెద్ద టీచరమ్మ వచ్చి నా చేతిలోది పెరుక్కునింది." చేట ఒకసారి విదిలించింది. "మళ్ళా ఏ మొహం పెట్టుకోనో మా ఊరికి వచ్చింది, రెండుతూర్లు. ఒకతూరి మాయమ్మ మజ్జిగిచ్చి పంపేసింది. రెండోతూరి ఇంట్లో నేనొక్కదాన్నే, ఆయమ్మ వచ్చేది కిటికీలోంచి చూసినా. తలుపు కొట్టింది. నాకు వినపడలే గానీ తలుపు మీద చెయ్యి పెట్టుకోనుంటే అదిరేది తెలుస్తాండాది. శానా సేపు కొట్టింది. అది అదిరేది నిలిచిపోయిందాకా చెయ్యి అట్టే పెట్టుకోని ఉండాను. తలుపు తియ్యలే."

ఐదు పోయింది, బడి పోయింది, వాటికి నేనే కారణమని తెలుసు. ఆమెను తిరిగి పిలుచుకుపోవడానికి వచ్చిన మనిషిని కూడా ఆమె నుంచి నేనే దూరం చేశానని అప్పటిదాకా తెలియదు. ఆ రోజు మొహం తిప్పుకున్నప్పుడు ఆమె తనకు తానుగా ఎవరి పేరు చెప్పుకుందో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఆయమ్మ కాదు. నేనే చెప్పినా" అన్నాను, చేటలో మినుముల వంక చూస్తూ.

"ఏంది? మొహమెత్తి చెప్పు."

తల ఎత్తి, ఆమె కళ్ళలోకి చూస్తూ మళ్ళీ చెప్పాను. వెనకనుంచి చెప్పానని, ఐదు కోసం చెప్పానని, నెనెంగమ్మ నీ కోసం బతిమాలిందని. గొంతు పెద్దదైందేమో, కూతురు కాఫీ గ్లాసులతో గడపలోనే ఆగిపోయింది. కోమల చేట పక్కకు జరిపింది. తిడుతుందని, చీపురు తీసుకుంటుందని ఎదురుచూశాను. దానికి సిద్ధపడే వచ్చాను.

"ఆయమ్మ ఉండాదా?" అంది.

"లేదు. పోయి శానా ఏండ్లయింది."

"యాడ పెట్టినారు? చెప్పు, పోయొస్తాను."

"నాకు తెలీదు కోమలా. నేను పోలేదు."

ఇంకా ఏదో చెబుతానని ఆమె నా నోటి వైపే చూస్తూ కూర్చుంది.